తల్లి జబ్బా, మాయ పనా? ఒక కవలల కాన్పు కేసు

పేషెంట్ వయసు 29. రెండో కాన్పు. మొదటి బాబుకు నాలుగేళ్లు. ఆ కాన్పు సాఫీగా జరిగింది, వేవిళ్లు కూడా పెద్దగా లేవు. ఈసారి తొమ్మిదో వారంలో మా దగ్గరకు తీసుకొచ్చేసరికి గుక్కెడు నీళ్లు తాగినా వాంతే. మూడు వారాలుగా అదే పరిస్థితి. గర్భానికి ముందు 64 కిలోలు ఉన్న మనిషి 59కి దిగిపోయింది. నాలుక పిడచకట్టింది. నాడి నిమిషానికి 112, బీపీ 96/60. తిండి లేక కొవ్వు కరిగినప్పుడు మూత్రంలో కనిపించే కీటోన్లు మూడు ప్లస్‌లు, రక్తంలో సోడియం 131, పొటాషియం 3.0, రెండూ తక్కువే.

భర్త చేతిలో ఉన్న ఫైలులో థైరాయిడ్ రిపోర్టు కూడా ఉంది. థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోన్ టీఎస్‌హెచ్ 0.02, అంటే బాగా తక్కువ. థైరాయిడ్ వదిలే హార్మోన్ ఫ్రీ టీ4 2.3 (ఆ ల్యాబ్ పైహద్దు 1.7). వేరే ఊళ్లో చూపిస్తే థైరాయిడ్ ఎక్కువైందని, వాంతులు అందుకేనని చెప్పి థైరాయిడ్‌ను తగ్గించే కార్బిమజోల్ రాశారు. మాత్రలు కొన్నారు గానీ ఏం వేసినా కడుపులో నిలవడం లేదని ఇంకా మొదలుపెట్టలేదు. "ఇవి వాడాలా డాక్టరమ్మా?" అని ముందుగా అడిగింది అత్తగారే.

ఈ కేసు రాయడానికి కారణం ఆ ప్రశ్నే. తర్వాతి ఏడు నెలల్లో ఇదే ప్రశ్న రకరకాలుగా మళ్లీ మళ్లీ వచ్చింది. గర్భిణి రిపోర్టులో ఏదైనా తేడా కనిపిస్తే అది తల్లి అవయవంలో వచ్చిన జబ్బా, మాయ (కడుపులో బిడ్డను పోషించే ప్లాసెంటా) చేయిస్తున్న పనా అన్నది ముందు తేల్చుకోవాలి. మందు ఇవ్వాలా, ఎంత ఇవ్వాలా, ఎప్పుడు ఆపాలా అన్నవన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి. పేషెంట్ అనుమతితో రాస్తున్నాను. ఆమెను గుర్తుపట్టే వివరాలు మార్చాను.

తొమ్మిదో వారం: థైరాయిడ్ చెడిందా?

మెడ చూశాను, వాపు లేదు. కళ్లు మామూలుగా ఉన్నాయి. చేతులు చాపమంటే వణుకు లేదు. గర్భానికి ముందు గుండెదడ, చెమటలు, విరేచనాలు ఎప్పుడైనా ఉన్నాయా అంటే లేవంది. థైరాయిడ్‌ను అతిగా పనిచేయించే గ్రేవ్స్ జబ్బు ఇంట్లో ఎవరికీ లేదు. స్కాన్ చేస్తే కవలలు. వేర్వేరు సంచుల్లో, వేర్వేరు మాయలతో ఇద్దరికీ గుండె కొట్టుకుంటోంది. ముత్యాల గర్భం (మాయ ద్రాక్షగుత్తిలా అసహజంగా పెరిగే గర్భం) కాదని కూడా ఆ స్కాన్‌తోనే తేలిపోయింది. ఇంత తీవ్రమైన వాంతులు, తగ్గిన టీఎస్‌హెచ్ కలిసి కనిపిస్తే ఆ అనుమానం ముందు తీర్చుకోవాలి. గ్రేవ్స్ జబ్బులో కనిపించే టీఎస్‌హెచ్ రిసెప్టర్ యాంటీబాడీ పరీక్షకు పంపాను. నెగెటివ్ వచ్చింది.

ఇక్కడ జరిగింది ఇదీ. మాయ తయారుచేసే తొలి హార్మోన్ హెచ్‌సీజీ. ప్రెగ్నెన్సీ కిట్‌లో రెండు గీతలు తెప్పించేది ఇదే. దీన్ని రెండు ముక్కలు కలిపి కట్టిన ప్రొటీన్ అనుకోవచ్చు. అందులో ఆల్ఫా ముక్క పిట్యూటరీ గ్రంథి నుంచి వచ్చే టీఎస్‌హెచ్‌లోనూ, ఎల్‌హెచ్, ఎఫ్ఎస్‌హెచ్‌లలోనూ అచ్చంగా అదే. అందుకని హెచ్‌సీజీ బాగా పెరిగినప్పుడు థైరాయిడ్ గ్రంథి మీద మారు తాళంచెవిలా పనిచేస్తుంది. అసలు తాళంచెవి తిరిగినంత సులువుగా ఇది తిరగదు, కానీ ఇలాంటివి ఎన్నో ఉంటే తలుపు తెరుచుకుంటుంది. థైరాయిడ్ కాస్త ఎక్కువ టీ4 వదులుతుంది. అది చూసి పిట్యూటరీ తన టీఎస్‌హెచ్‌ను తగ్గించుకుంటుంది. హెచ్‌సీజీ ఎనిమిది నుంచి పది వారాల మధ్య శిఖరానికి చేరి తర్వాత దిగుతుంది. కవలల్లో మాయ పరిమాణం ఎక్కువ కాబట్టి ఆ శిఖరం కూడా ఎత్తుగా ఉంటుంది. ఈమె సరిగ్గా ఆ శిఖరం మీద ఉన్నప్పుడు రక్తం తీశారు.

కాబట్టి కార్బిమజోల్ వద్దన్నాను. దాంతో వాంతులు తగ్గవు. పైగా ఆరు నుంచి పది వారాల మధ్య, బిడ్డ అవయవాలు రూపుదిద్దుకునే సమయంలో, ఆ మందు వల్ల పుట్టుకతో లోపాలు వచ్చే ప్రమాదం ఉంది. నిజంగా గ్రేవ్స్ జబ్బు ఉన్న తల్లికైతే ఆ లెక్క వేరు, అక్కడ మందు ఎంచుకుని ఇవ్వాల్సిందే. ఈమెకు ఆ అవసరమే లేదు. హెచ్‌సీజీ ఎంత ఉందో కొలిపిద్దామా అని భర్త అడిగాడు. కవలలని తెలిశాక ఆ అంకె తెలిసినా వైద్యం మారదు, డబ్బు దండగ అని చెప్పాను.

ఫైలులో ప్రొజెస్టరాన్ మాత్రలు కూడా ఉన్నాయి, 'గర్భం నిలవడానికి' అని. అవీ ఆపించాను. ఆమెకు ఇదివరకు గర్భస్రావం జరగలేదు, రక్తస్రావం లేదు. మొదటి వారాల్లో ప్రొజెస్టరాన్ అండాశయంలో అండం విడుదలైన చోట ఏర్పడే కార్పస్ లూటియం నుంచి వస్తుంది. 1970ల మొదట్లో ఆర్పాడ్ చాపో అనే శాస్త్రవేత్త చేసిన ప్రయోగాల్లో ఏడు వారాల లోపు దాన్ని తీసేస్తే గర్భం పోయింది. తొమ్మిది వారాలు దాటాక తీసినా నిలిచింది. ఎందుకంటే అప్పటికి ఆ పని మాయ చేతికి వచ్చేసింది. నెలలు నిండేనాటికి మాయ రోజుకు సుమారు 250 మిల్లీగ్రాముల ప్రొజెస్టరాన్ తయారుచేస్తుంది. మా వైపు ఏ కారణమూ లేకుండా అయిదో నెల దాకా ఆ మాత్రలు వాడుతున్న గర్భిణులు చాలామంది కనిపిస్తారు. అవసరం ఉన్నవాళ్లు ఉన్నారు, కాదనను. కానీ కారణం రాయని చీటీ చూస్తే నాకు బాధగా ఉంటుంది.

వాంతుల సంగతి. అత్తగారికి కోడలు మొదటి కాన్పులో లేని బాధ ఇప్పుడు పడుతోందంటే నమ్మకం కుదరలేదు. 'మనసు గట్టి చేసుకోవడం లేదు' అంది. ఆ మాట వింటూ ఆ అమ్మాయి గోడ వైపు తిరిగి పడుకుంది. తరాల తరబడి ఆడవాళ్లను ఈ మాటే కుంగదీసింది, డాక్టర్లు కూడా అన్నారు. 2023 డిసెంబర్‌లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన దీనికి గట్టి జవాబు. మాయ, పిండం కలిసి జీడీఎఫ్15 అనే హార్మోన్‌ను తల్లి రక్తంలోకి వదులుతాయి. అది మెదడు వెనుక భాగంలో వాంతి పుట్టించే చోట పనిచేస్తుంది. గర్భానికి ముందు ఒంట్లో అది తక్కువగా ఉన్న స్త్రీలకు ఆ హఠాత్తు పెరుగుదల ఎక్కువ తగులుతుంది. బీటా థలసీమియా ఉన్న స్త్రీలలో అది ముందునుంచే ఎక్కువ కాబట్టి వాళ్లకు వేవిళ్లు చాలా తక్కువ. ఈ పరిశోధనకు ముందు నిలిచిన మార్లీనా ఫేజో తానే 1999లో ఇలాంటి వాంతులతో బిడ్డను పోగొట్టుకున్న శాస్త్రవేత్త. ఇంత వివరంగా కాకపోయినా, 'ఇది మాయ నుంచి వచ్చే పదార్థం వల్ల, మీ కోడలి మనసు వల్ల కాదు' అని అత్తగారికి భర్త ముందే చెప్పాను. ఆ తర్వాత ఆమె ఆ మాట ఎత్తలేదు. రాత్రుళ్లు పక్కన కూర్చున్నది కూడా ఆమే.

వైద్యంలో ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. వాంతులతో నీరసించిన గర్భిణికి ముందు గ్లూకోజ్ బాటిల్ పెట్టించమని ఇంట్లోవాళ్లు అడుగుతారు, ఊళ్లో పెట్టేస్తారు కూడా. వారాల తరబడి తిండి లేని ఒంట్లో థయమిన్, అంటే బీ1 విటమిన్, నిల్వలు అడుగంటి ఉంటాయి. ఆ స్థితిలో గ్లూకోజ్ ఎక్కిస్తే మిగిలిన కాస్త థయమిన్ కూడా ఖర్చయి మెదడు దెబ్బతినవచ్చు. మనిషి తికమకపడుతుంది, కళ్లు అదురుతాయి, నడక తూలుతుంది. అందుకే ముందు థయమిన్ 100 మిల్లీగ్రాములు ఇంజెక్షన్‌గా ఇచ్చి, నార్మల్ సెలైన్‌లో పొటాషియం కలిపి ఎక్కించాం. డెక్స్‌ట్రోజ్ తర్వాతే. వాంతులకు డాక్సిలమిన్, పైరిడాక్సిన్ కలిసిన మాత్ర, అది చాలకపోతే మెటోక్లోప్రమైడ్, చివరికి ఆండాన్‌సెట్రాన్, ఈ వరుసలో వెళ్లాం. నీళ్లు పడగానే నాడి 90కి దిగింది. గుండె వేగానికి విడిగా మందు అవసరం రాలేదు.

పన్నెండో వారానికి ఫ్రీ టీ4 1.8కి, పదహారో వారానికి 1.3కి దిగింది. టీఎస్‌హెచ్ కొంచెం వెనకబడి 19వ వారానికి మామూలైంది. థైరాయిడ్‌కు ఒక్క మాత్ర కూడా వాడలేదు.

మధ్య నెలలు

ఇక్కడ ఎక్కువ చెప్పేదేమీ లేదు. ఛాతీలో మంట, మలబద్ధకం, మెట్లెక్కితే ఆయాసం. ప్రొజెస్టరాన్ మెత్తని కండరాలన్నిటినీ సడలిస్తుంది. గర్భసంచి ముందుగా బిగుసుకోకుండా ఉండటానికి అది కావాలి, కానీ అన్నవాహిక కింది కవాటం, పేగులు కూడా వదులవుతాయి. మెదడులోని శ్వాస కేంద్రాన్ని కూడా అది తట్టి లేపుతుంది. అందుకే గర్భిణి మామూలు కంటే లోతుగా ఊపిరి తీస్తుంది, ఆయాసంలా అనిపిస్తుంది.

కానీ ఆయాసాన్ని ప్రొజెస్టరాన్ ఖాతాలో వేసే ముందు గుండె వినాలి, హిమోగ్లోబిన్ చూడాలి. చిన్నప్పుడు కీళ్ల జ్వరం వచ్చి గుండె కవాటం ఇరుకైన ఆడపిల్లలు మన దగ్గర ఇంకా ఉన్నారు. ఆ జబ్బు చాలాసార్లు గర్భంలోనే బయటపడుతుంది. ఈమెకు ఎకో (గుండె స్కాన్) చేయించాం, బాగుంది. హిమోగ్లోబిన్ 10.2 ఉంటే ఐరన్ పెంచాం. కవలలు కాబట్టి 14వ వారం నుంచే రాత్రిపూట ఆస్పిరిన్ 150 మిల్లీగ్రాములు మొదలుపెట్టాం, బీపీ జబ్బు వచ్చే అవకాశం తగ్గించడానికి.

25వ వారం: షుగర్

మన దేశంలో గర్భిణులందరికీ మొదటి చెకప్‌లో ఒకసారి, 24 నుంచి 28 వారాల మధ్య మరోసారి షుగర్ పరీక్ష చేయాలని ప్రభుత్వ మార్గదర్శకాలు చెబుతాయి. తిన్నా తినకపోయినా 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటలకు రక్తం తీస్తారు. 140 లేదా ఆపైన ఉంటే గర్భధారణ మధుమేహం. చెన్నైకి చెందిన డాక్టర్ వి. శేషయ్య ముందుండి ప్రచారం చేసిన పద్ధతి ఇది. పరగడుపున రమ్మంటే పల్లె నుంచి బస్సెక్కి వచ్చే గర్భిణి మళ్లీ రాదు. అది తెలిసిన మనుషులు పెట్టిన పద్ధతి కాబట్టి నాకు దాని మీద గౌరవం.

మొదటి చెకప్‌లో ఈమె గ్లూకోజ్ నీళ్లు తాగే స్థితిలో లేదు. గడిచిన రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ చేయిస్తే 5.4 వచ్చింది. అంటే గర్భానికి ముందు షుగర్ లేదు. ఇప్పుడు 25వ వారంలో రెండు గంటల విలువ 168.

ఆమె తల్లికి షుగర్ ఉంది. 'అమ్మది నాకు వచ్చేసింది' అని ఏడ్చింది. పూర్తిగా అబద్ధమని చెప్పలేను, కానీ ఆ మాటలో సగమే నిజం. మిగతా సగం మాయది. 1962లో జోసిమొవిచ్, మెక్‌లారెన్ మాయలో గుర్తించి వివరించిన ప్లాసెంటల్ లాక్టోజెన్, దానికి తోడు మాయ నుంచే వచ్చే గ్రోత్ హార్మోన్, నెలలు పెరిగేకొద్దీ పెరుగుతాయి. లాక్టోజెన్ అయితే నెలలు నిండేనాటికి రోజుకు ఒక గ్రాముకు పైగా తయారవుతుంది. హార్మోన్లలో ఇంత మోతాదు మరెక్కడా వినం. తల్లి కొవ్వు కరిగించి తన అవసరాలకు వాడుకునేలా, గ్లూకోజ్‌ను బిడ్డకు మిగిల్చేలా అవి ఆమె శరీరాన్ని మళ్లిస్తాయి. కండరాలు, కాలేయం ఇన్సులిన్ మాట అంతకుముందులా వినవు. చివరి నెలలకు ఇన్సులిన్ ప్రభావం దాదాపు సగానికి పడిపోతుంది. చాలామంది తల్లుల్లో క్లోమం రెట్టింపు ఇన్సులిన్ తయారుచేసి సర్దుకుంటుంది. తల్లిదండ్రుల నుంచి వచ్చిన బలహీనత ఉన్న క్లోమం ఆ బరువు మోయలేదు. అప్పుడు షుగర్ పైకి కనిపిస్తుంది.

ఎందుకు పట్టించుకోవాలి అంటే, గ్లూకోజ్ మాయ దాటి బిడ్డలోకి వెళుతుంది, తల్లి ఇన్సులిన్ మాత్రం వెళ్లదు. బిడ్డ తన ఇన్సులిన్‌తోనే దాన్ని సర్దుకోవాలి. ఆ ఇన్సులిన్ బిడ్డను లావు చేస్తుంది, బొడ్డుతాడు కోశాక షుగర్ పడిపోయేలా చేస్తుంది. థైరాయిడ్ మార్పు కూడా మాయ వల్లే, షుగర్ కూడా మాయ వల్లే. మొదటిదాన్ని వదిలేశాం, రెండోదానికి వైద్యం చేయాల్సిందే. మాయ వల్ల వచ్చిందంటే నిరపాయమని అర్థం కాదు.

పథ్యం దగ్గర ఇంట్లో రెండు అభిప్రాయాలు. ఇద్దరు పిల్లలున్నారు, ఇద్దరికి సరిపడా తినాలని అమ్మమ్మ. షుగర్ కాబట్టి అన్నం మానేయాలని ఆడపడుచు. రెండూ వద్దన్నాను. పొద్దున పూట ఇన్సులిన్ పని అన్నిటికంటే మందంగా ఉంటుంది కాబట్టి నాలుగు ఇడ్లీలు రెండు చేసి, పక్కన ఉడికిన గుడ్డు. మధ్యాహ్నం అన్నం కప్పుకు తగ్గించి పప్పు, కూర పెంచడం. సాయంత్రం ఉడికించిన శనగలు, రాత్రి జొన్నరొట్టె, పడుకునే ముందు పాలు. వేసవి కాబట్టి మామిడిపండు గురించి పెద్ద చర్చే జరిగింది. భోజనం మీద కాకుండా, విడిగా రెండు ముక్కలకు ఒప్పుకున్నాను. పూర్తిగా వద్దంటే దొంగతనంగా తింటారు, గ్లూకోమీటర్ పుస్తకంలో అబద్ధాలు రాస్తారు.

రెండు వారాల తర్వాత పరగడుపున 102, టిఫిన్ తిన్న రెండు గంటలకు 148. మనకు కావలసినవి 95, 120 లోపు. ఇన్సులిన్ మొదలుపెట్టాం, రాత్రి పది యూనిట్లతో. 34వ వారానికి మూడు పూటలా కలిపి రోజుకు 46 యూనిట్లయింది. మోతాదు పెంచినప్పుడల్లా 'ముదిరిపోతోందా' అని భయపడింది. మాయ పెరుగుతోంది, దాని హార్మోన్లు పెరుగుతున్నాయి, ఇన్సులిన్ పెరగడం ఈ నెలల్లో సహజం అని ప్రతిసారీ చెప్పాను.

35వ వారం: షుగర్ దానంతటదే తగ్గింది

తెల్లవారుజామున మూడింటికి చెమటలు, చూస్తే 58. మర్నాడు మధ్యాహ్నం 64. కొద్ది రోజుల్లోనే 46 యూనిట్లు 30కి తగ్గించాల్సి వచ్చింది. 'షుగర్ పోయింది, దేవుడు చల్లగా చూశాడు' అని అత్తగారు సంతోషపడింది. నాకు మాత్రం టెన్షన్ మొదలైంది.

ఇన్సులిన్ అవసరం మాయ హార్మోన్లతో పెరిగితే, అవి తగ్గితే అది కూడా తగ్గుతుంది. అంటే మాయ నీరసిస్తుండవచ్చు. ఇంకో వైపు, చివరి వారాల్లో ఏ కారణమూ లేకుండా కొంత తగ్గే తల్లులూ ఉన్నారు. ఈ ఒక్క గుర్తు చూసి కాన్పు చేసేస్తే నెలలు నిండని బిడ్డలను అనవసరంగా బయటకు తీసినట్టవుతుంది. కాబట్టి ముందు సాదా కారణాలు వెతికాం. తిండి తగ్గిందా? లేదు. ఇన్సులిన్ సీసా, సిరంజి మారాయా? మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే సీసాకు 100 యూనిట్ల సిరంజి వాడటం, లేదా 100 సీసాకు 40 సిరంజి వాడటం, మన దగ్గర అరుదేమీ కాదు. అవీ సరిగ్గానే ఉన్నాయి. కాలేయం, కిడ్నీ పరీక్షలు మామూలే.

బీపీ మాత్రం 138/88. నెల కిందట 110/70 ఉండేది. స్కాన్‌లో మొదటి బిడ్డ బాగానే పెరుగుతోంది, రెండో బిడ్డ వెనకబడింది. బొడ్డుతాడులో రక్తప్రవాహం చూపే డాప్లర్ ఇంకా హద్దులోనే ఉంది. అన్నీ కలిపి చూసి అడ్మిట్ చేశాం. రోజూ బిడ్డల గుండె గ్రాఫ్, నాలుగు గంటలకోసారి బీపీ. నాలుగో రోజుకు బీపీ 148/96, మూత్రంలో ప్రొటీన్ రెండు ప్లస్‌లు. అంటే ప్రీఎక్లాంప్సియా, గర్భంలో బీపీ పెరిగి తల్లి అవయవాలను దెబ్బతీసే జబ్బు. ఇదీ మాయ నుంచి మొదలయ్యేదే. రక్తప్రసారం చాలని మాయ ఎస్‌ఎఫ్ఎల్‌టీ-1 అనే ప్రొటీన్‌ను ఎక్కువగా వదులుతుంది. అది తల్లి రక్తనాళాల లోపలి పొరను కాపాడే పదార్థాలను పట్టి ఆపేస్తుంది. ఆ ప్రొటీన్ కొలిచే పరీక్ష మా ఊళ్లో లేదు. బీపీ, ప్లేట్‌లెట్లు, కాలేయం, తలనొప్పి, చూపు, ఇవే మాకు ఆధారం. లేబెటలాల్‌తో బీపీ అదుపులోకి వచ్చింది, మిగతావి స్థిరంగా ఉన్నాయి. 37 వారాలు నిండగానే సిజేరియన్ చేశాం, మొదటి బిడ్డ ఎదురుకాళ్లతో ఉంది కాబట్టి. పాప 2.5 కిలోలు, బాబు 2.05. రెండో మాయ చిన్నది, మీద తెల్లగా గట్టిపడిన మచ్చలున్నాయి.

బాబు షుగర్ మొదటి గంటలో 38 ఉంటే పిండిన పాలు పట్టి, చర్మానికి చర్మం ఆనించి, మళ్లీ చూస్తే 54. సెలైన్ అవసరం పడలేదు.

మాయ బయటకు వచ్చాక

ఆపరేషన్‌కు ముందే కేస్ షీట్‌లో పెద్ద అక్షరాలతో రాయించాను: మాయ తీసిన వెంటనే పాత ఇన్సులిన్ చార్ట్ రద్దు. ప్లాసెంటల్ లాక్టోజెన్ రక్తంలో నిమిషాల్లోనే సగానికి పడిపోతుంది. నిన్నటి మోతాదు రాత్రి డ్యూటీలో అలవాటుగా ఇచ్చేస్తే, ఆపరేషన్ అయి తిండి లేని బాలింత షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. మత్తులో ఉందనుకుని ఎవరూ గమనించకపోవచ్చు కూడా. ఈమెకు ఆ రాత్రి ఇన్సులిన్ ఇవ్వలేదు. మర్నాడు పరగడుపున 92. ఇన్సులిన్ ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వదలదని భయపడిన కుటుంబం ఆ అంకెను నాతో మళ్లీ మళ్లీ చదివించుకుంది.

బీపీ అంత తొందరగా దిగలేదు. మాయ వెళ్లిపోయినా, అది దెబ్బతీసిన రక్తనాళాలు కోలుకోవడానికి రోజులు, వారాలు పడుతుంది. కాన్పు తర్వాత మూడు నుంచి ఆరు రోజుల మధ్య బీపీ మళ్లీ పెరగడం సాధారణం. చాలామంది సరిగ్గా అప్పుడే ఇంటికి వెళ్లిపోతారు. ఈమెకు నాలుగో రోజు 156/100 వచ్చింది. నిఫెడిపిన్ మొదలుపెట్టి, 140 లోపు నిలిచాకే పంపించాం. ఇంట్లో బీపీ మిషన్ పెట్టుకోమన్నాం. తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, పొట్ట పైభాగంలో నొప్పి వస్తే 'బాలింత నీరసం' అనుకోకుండా వెంటనే రావాలని తల్లికి, అత్తగారికి ఇద్దరికీ చెప్పాం. మూడు వారాల తర్వాత మందు ఆపగలిగాం.

మూడో రోజు పాలు పడ్డాయి. అంతవరకు 'పాలు లేవు, డబ్బా పట్టండి' అన్న ఒత్తిడి చాలా వచ్చింది. గర్భంలో రొమ్ము పాలకు సిద్ధమవుతుంది గానీ మాయ నుంచి వచ్చే ప్రొజెస్టరాన్ వాటిని ఆపి ఉంచుతుంది. మాయ వెళ్లాక ఆ హార్మోన్ దిగిపోవడానికి, పాలు ఊరడానికి రెండు మూడు రోజులు పడుతుంది, షుగర్ ఉన్న తల్లులకు ఇంకొంచెం ఆలస్యం. ఈలోగా వచ్చే ముర్రుపాలే పిండి ఇద్దరికీ పట్టించాం.

ఆరు వారాలకు మళ్లీ పరీక్ష, ఈసారి పరగడుపున. 89, గ్లూకోజ్ తాగిన రెండు గంటలకు 151. మధుమేహం కాదు, మామూలు కూడా కాదు. 140 నుంచి 199 మధ్య ఉంటే ముందస్తు దశ. మాయ ఒత్తిడి తొలగినా క్లోమం బలహీనత మిగిలింది. గర్భధారణ మధుమేహం వచ్చిన స్త్రీలకు తర్వాత టైప్ 2 మధుమేహం వచ్చే అవకాశం రానివాళ్ల కంటే ఏడు నుంచి పది రెట్లు ఎక్కువని పెద్ద పరిశోధనలు చెబుతున్నాయి. ప్రీఎక్లాంప్సియా వల్ల ముందు ముందు గుండె జబ్బుల ముప్పు కూడా పెరుగుతుంది. అయినా కాన్పు తర్వాత తల్లి గురించి అడిగేవాళ్లు తక్కువ. అందరి చూపూ పిల్లల మీదే.

ఆమె సొంత ఫైలు ఎక్కడ పెడుతుందో తెలియదు గానీ పిల్లల టీకాల కార్డు పోగొట్టుకోదు. అందుకని ఆ కార్డు వెనకే తన తేదీలు కూడా రాశాను: తొమ్మిదో నెల టీకాకు వచ్చినప్పుడు బీపీ, ఏడాదికి షుగర్, ఆ తర్వాత ఏటా పిల్లల పుట్టినరోజు నెలలో ఒకసారి షుగర్, బీపీ. తొమ్మిదో నెల టీకాకు వచ్చింది. బీపీ 118/76. జుట్టు బాగా రాలుతోందని అడిగింది, కాన్పు తర్వాత ఈస్ట్రోజెన్ తగ్గడం వల్ల వచ్చే మార్పు, తిరిగి వస్తుందని చెప్పాను. బరువు 66. రోజూ సాయంత్రం అత్తగారు పిల్లలను పట్టుకుంటే తాను అరగంట నడుస్తున్నానంది.